పాత డీజిల్ కారు: కొనే ముందు, మార్చే ముందు

అనంతపురంలో ఇల్లు, పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో ఉద్యోగం. లేదా కర్నూలులో ఇల్లు, నంద్యాలలో పని. ఇలా రోజూ పోను రాను నూట నలభై కిలోమీటర్ల దాకా తిరిగేవారు రాయలసీమలో చాలామందే ఉన్నారు. బస్సు వేళలు కుదరనప్పుడు వారికి ముందుగా తట్టేది సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు. ఆలోచన మంచిదే. అది ఎవరికి కలిసొస్తుందో, మైలేజీ పేరుతో చేసే మార్పుల్లో ఏది పనికొస్తుందో తెలియాలంటే మాత్రం ఇంజిన్ లోపల జరిగేదాన్ని కాస్త అర్థం చేసుకోవాలి.

సైకిల్‌కు గాలి కొడుతుంటే పంపు అడుగు భాగం వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజిన్‌కు ఆధారం ఇదే. సిలిండర్‌లోని గాలిని అది పదహారు రెట్లో అంతకంటే ఎక్కువో కుదిస్తుంది. ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటిపోతుంది. ఆ గాలిలోకి డీజిల్‌ను తుంపరగా చిమ్మగానే, స్పార్క్ ప్లగ్ లేకుండానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌లో అంత కుదింపు కుదరదు, ఇంధనం వేళకు ముందే అంటుకొని ఇంజిన్‌ను దెబ్బతీస్తుంది. కుదింపు ఎక్కువైన కొద్దీ మండిన వాయువు అంత ఎక్కువగా వ్యాకోచించి, తన వేడిలో ఎక్కువ భాగాన్ని పనిగా మార్చగలుగుతుంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ పరీక్షకు పెట్టిన ఇంజిన్ ఇంధనశక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపులకు కూడా రాలేకపోయాయి.

ఇంకో లాభం ఉంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు పెట్రోలు ఇంజిన్ గాలి దారిని సగం మూసుకుంటుంది, ఆ ఇరుకులోంచి గాలి పీల్చడానికే కొంత శక్తి పోతుంది. డీజిల్ ఇంజిన్ గాలిని దాదాపు పూర్తిగా లోపలికి రానిచ్చి ఇంధనాన్ని మాత్రమే తగ్గిస్తుంది. పైగా డీజిల్ చిక్కనిది, లీటరుకు పెట్రోలు కంటే పది శాతానికి పైగా ఎక్కువ శక్తి ఇస్తుంది. కాబట్టి మైలేజీలో కొంత భాగం ఇంజిన్ గొప్పతనం కాదు, ఆ లీటరులోనే ఉన్న బలం.

ఇక లెక్క. పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిల్ 98 రూపాయలు అనుకుందాం. పెట్రోలు కారు 16, డీజిల్ కారు 21 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకు రెండు రూపాయల ఇరవై పైసలు మిగులుతాయి. రోజుకు 140 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగేవారికి ఏడాదికి 90 వేల రూపాయలు దాటుతుంది. ఊళ్లోనే రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది ఐదు వేలు. డీజిల్‌ను చిమ్మే ఒక్క నాజిల్ పాడైతే ఆ ఐదు వేలు గాలికి పోతాయి. అంతకంటే ముఖ్యంగా, డీజిల్ ఇంజిన్ ఆలస్యంగా వేడెక్కుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి, బీఎస్-6 కాలుష్య ప్రమాణానికి తగ్గ డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసిని కాల్చేయడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. బడికీ కూరగాయల మార్కెట్‌కీ మాత్రమే తిరిగే కారుకు ఆ వేడి రాదు, ఫిల్టర్ పూడుకుపోతుంది. అలాంటివారు పెట్రోలు కారే కొనుక్కోవాలి. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

రోజూ హైవే ఎక్కేవారికి పాత బీఎస్-4 కార్లలో మంచివి దొరుకుతాయి. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ ఇంజిన్‌నే మారుతి స్విఫ్ట్, డిజైర్‌లలోనూ, టాటా, ఫియట్ కార్లలోనూ వాడారు. కాబట్టి విడిభాగాలకూ, చేయి తిరిగిన మెకానిక్‌లకూ కొరత లేదు. బీఎస్-6 రావడంతో 2020లో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది.

చూడటానికి తెల్లవారుజామునే వెళ్లాలి. ముందు బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఇంజిన్ నడిపారన్నమాట, చల్లారాక మళ్లీ రండి. అరిగిన ఇంజిన్‌లో కుదింపు తగ్గుతుంది, చల్లగా ఉన్నప్పుడు అది మొరాయించేది అందుకే. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూతను విప్పి, బోర్లించి ఆ రంధ్రం మీదే ఉంచండి. మూత కొద్దిగా అదిరితే ఫరవాలేదు. ఆవిరి బుసబుసమంటూ దాన్ని ఎగరగొడుతుంటే, మండిన వాయువు పిస్టన్ రింగులను దాటి కిందికి దిగుతోందని అర్థం. ఆ కారు జోలికి వెళ్లొద్దు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ మీద ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడకండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, దట్టమైన నల్లపొగ వస్తే ఇంధనానికి చాలినంత గాలి అందడం లేదు.

ఢిల్లీ బండ్ల గురించి ఒక మాట. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అవి తక్కువ ధరకు దక్షిణాదికి వస్తున్నాయి. మీటరు తక్కువ చూపినా, ట్రాఫిక్‌లో గంటల తరబడి నిలబడి నడిచిన ఇంజిన్ అరుగుదల కిలోమీటర్లలో కనబడదు. ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఖర్చు, ఇక్కడ కట్టాల్సిన జీవితకాల పన్ను కూడా కలిపి ధర చూసుకోవాలి.

కొన్నాక మొదలయ్యే ఉత్సాహం రీమ్యాప్. ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చి, ఎక్కువ ఇంధనం, ఎక్కువ టర్బో ఒత్తిడి ఇస్తారు (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పంపు). పికప్ నిజంగానే పెరుగుతుంది. ఆ బలాన్ని మోయాల్సింది పాత క్లచ్చు, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే పాత టర్బో. కడపలో మే నెలలో 44 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. అందులో అదనంగా ఇంధనం పోస్తే మసి, పొగవేడి రెండూ పెరుగుతాయి. కొందరు అమ్మే చిన్న డబ్బా ఇంకో తమాషా చేస్తుంది. ఇంధన పీడనాన్ని అసలుకంటే తక్కువగా చూపి కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. కంప్యూటర్ ఒత్తిడి పెంచుతుంది, కానీ తక్కువ ఇంధనమే ఖర్చయిందనుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద మైలేజీ పెరిగినట్టు కనిపించేది అందుకే. ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించేటప్పుడు పట్టిన లీటర్లను లెక్కించడమే నమ్మదగిన పద్ధతి. చట్టం సంగతీ చూడాలి: తయారీదారు నిర్ణయించిన లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది.

మన నేలకు అసలు సరిపడని మార్పు ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, అంటే కంపెనీ పెట్టె తీసేసి బయటికి తెరిచి పెట్టే గాలి ఫిల్టర్. అనంతపురం ఎర్రమట్టి గ్రానైటు జాతి రాళ్లు శిథిలమై ఏర్పడింది, అందులో క్వార్ట్జ్ రేణువులుంటాయి. ఇంజిన్ లోహం కంటే క్వార్ట్జ్ గట్టిది. ఫిల్టర్ దాటి వచ్చిన ప్రతి రేణువూ టర్బో రెక్కలనూ సిలిండర్ గోడలనూ గీస్తుంది. ఎర్రగుంట్ల వైపు సున్నపురాయి దుమ్ము మెత్తనిదే కానీ ఫిల్టర్‌ను తొందరగా పూడుస్తుంది. కంపెనీ ఫిల్టర్‌నే, పుస్తకంలో రాసిన గడువుకంటే ముందుగా మార్చడం మేలు. వేసవికి ముందు, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులనూ మట్టినీ కడిగించాలి.

వేరుశనగ పండే సీమలో ఇంకో ప్రశ్న వస్తుంది: నూనె పోసి నడపలేమా? 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతోనే నడిపారు. అయితే ఆ నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు జిగట. నేటి కార్లలో ఇంధనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడితో, మిల్లీమీటరులో పదో వంతు రంధ్రాల గుండా దూకుతుంది. జిగట నూనె అక్కడ సన్నని తుంపరగా విడిపోదు. సగం మండి గడ్డకడుతుంది. రసాయన చర్యతో బయోడీజిల్‌గా మార్చాకే అది ఇంజిన్‌కు తగిన ఇంధనమవుతుంది.

మిగిలింది వేగం. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వందలో వెళ్లే కారు ఎనభైకి దిగితే ఆ నిరోధం 36 శాతం తగ్గుతుంది. అనంతపురం నుంచి పెనుకొండకు డెబ్బై కిలోమీటర్లలో ఆలస్యమయ్యేది పది నిమిషాలు. టైర్లలో గాలి పొద్దున్నే, అవి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గరి చీటీ మీద ఉన్న అంకె ప్రకారం పట్టించాలి. మధ్యాహ్నం కాగిన రోడ్డు మీద నడిచి వచ్చాక చూస్తే గేజీ ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీయించకండి.