‘ఆ కాలం ఇనుమే వేరు’: పాత లారీలు, పాత మిషన్ల మీద అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ ఆటోనగర్‌లో పాత హెవీ బండ్లను మళ్ళీ నడిచేలా చేయడం నా పని. బెంజి లారీలు, టాటా 1210లు, లేలాండ్ కామెట్లు, మూడు చక్రాల రోడ్డు రోలర్లు, తొలి తరం జేసీబీలు వస్తుంటాయి. నాన్న నడిపిన లారీని తుక్కుకు అమ్మడానికి మనసొప్పని వాళ్ళు తెస్తారు. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ ముందు పెట్టుకోవాలని కొందరు, సినిమా షూటింగులకు అద్దెకివ్వాలని కొందరు తెస్తారు. వాళ్ళ ప్రేమ నిజమైనది, నాదీ అదే ప్రేమ. కానీ దాంతోపాటు షెడ్డులోకి వచ్చే కొన్ని నమ్మకాల వల్ల డబ్బు పోతుంది, మంచి బండి పాడవుతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆ కాలం ఇనుము విరగదు, అరగదు.

వాస్తవం: మనకు ఇప్పుడు కనిపిస్తున్నవి మిగిలిన బండ్లు మాత్రమే. విరిగినవి ఎప్పుడో కొలిమిలో కరిగిపోయాయి. మిగిలినవి కూడా ఇనుము గొప్పదనంతోనే మిగల్లేదు. ఎవరో ఒకరు వేళకు గ్రీజు కొట్టించారు, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) మార్పించారు, అరిగిన క్రాంకు షాఫ్టును పది సైజుకు (అంగుళంలో వెయ్యో వంతులు పది తగ్గేలా), ఆ తర్వాత ఇరవై సైజుకు గ్రైండింగ్ చేయించారు.

1210 పేరులో 12 అంటే బండి, సరుకు కలిపి సుమారు 12 టన్నులు. 10 అంటే వంద హార్స్‌పవర్ చుట్టుపక్కల. అదే బండిలో తాండూరు బండలు, కంకర ఎంత వేసేవాళ్ళో పాత డ్రైవర్లు గర్వంగా చెబుతారు. ఆ లోడు దెబ్బ ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద ఇప్పటికీ ఉంటుంది. వెనక స్ప్రింగ్ బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్ (చట్రం అడ్డ దూలం) రివెట్ల చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు పెయింటు కింద దాక్కుంటాయి. కొనేముందు అక్కడ పెయింటు గీకి, పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపించే ఎర్ర రంగు డై వేసి చూడాలి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు తక్కువ. ఇక సముద్ర తీరం నుంచి వచ్చిన బండి అయితే క్యాబిన్ కింది భాగం, ఛాసిస్ లోపలి అంచులు రెండింతలు శ్రద్ధగా చూడండి.

అపోహ: బాడీ కంపెనీది కాకపోతే ఒరిజినల్ కాదు.

వాస్తవం: ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ రోజుల్లో కొన్నవాళ్ళలో చాలామందికి కంపెనీ ఇచ్చింది ఇంజను, ఛాసిస్, ముందు బానెట్ భాగం. క్యాబిన్, వెనక తొట్టి ఇక్కడి వడ్రంగులు, రేకు పనివాళ్ళు కట్టేవాళ్ళు. చెక్క ఫ్రేము మీద రేకు, పక్కన చెక్క పలకలు, డ్రైవర్ నెత్తిన సామాన్ల అర, దేవుడి పటానికి చిన్న గూడు. ఆ లారీకి ఒరిజినల్ అంటే అదే. దాన్ని పీకేసి ఇప్పటి ఇనుప క్యాబిన్ వేయించి ‘రీస్టోర్ చేశాం’ అంటున్నారు. చెక్క పుచ్చిపోతే పుచ్చిన ముక్క వరకే మార్చండి. కీళ్ళు ఎలా కలిపారో ఫొటోలు తీసి పెట్టుకున్నాకే విప్పండి. పాత పెయింటు గీకేముందు కింది పొరల్లో రాతలు, రంగులు ఉన్నాయేమో చూడండి. రవాణా కంపెనీ పేరు, పర్మిట్ రాతలు ఆ పొరల్లోనే బయటపడతాయి.

మన ఊరికి బాడీ కట్టే పనిలో పెద్ద చరిత్రే ఉంది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఎన్నో ఏళ్ళు బస్సు బాడీలు కట్టింది. ఆ పని చేసిన చేతుల విలువ తెలిసినవాళ్ళు పాత చెక్కను తేలిగ్గా పారేయరు.

అపోహ: బెంజి గుర్తు ఉందంటే జర్మనీ నుంచి దిగిన లారీ.

వాస్తవం: టాటా వాళ్ళు డైమ్లర్-బెంజ్‌తో 1954లో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో తయారు చేసిన లారీలు అవి. ఒప్పందం 1969లో ముగిసింది. తర్వాత బెంజి నక్షత్రం గుర్తు పోయి టాటా ‘టి’ గుర్తు వచ్చింది. తర్వాతి బండికి నక్షత్రం బిగించి ఎక్కువ ధర చెప్పేవాళ్ళున్నారు, కాబట్టి ఆర్‌సీలో తయారీ సంవత్సరం, ఛాసిస్ మీద కొట్టిన నంబరు కలిపి చూసుకోండి.

అపోహ: సెన్సార్లు లేవు కాబట్టి స్పానర్ ఉంటే ఎవరైనా బాగుచేయొచ్చు.

వాస్తవం: విప్పడం ఎవరైనా విప్పుతారు. డీజిల్ పంపు దగ్గరే అసలు విషయం ఉంది. ఆరు సిలిండర్ల వరస పంపులో ఒక్కో ఎలిమెంటు (ఒక్కో సిలిండరుకు డీజిల్ పంపే భాగం) సరిగ్గా 60 డిగ్రీల తేడాతో డీజిల్ కొట్టాలి, ఆరూ ఒకే కొలత ఇవ్వాలి. ఇది పంపును బిగించి కొలిచే టెస్ట్ బెంచి మీద తప్ప చెవితో, వేలితో తేలే పని కాదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళూ అంతే. బెంచి లేనివాళ్ళు పంపు స్క్రూ తిప్పి ‘పికప్ పెంచాం’ అంటారు. నల్ల పొగ మొదలవుతుంది. దాన్ని చూసి బండికి దమ్ముందని సంతోషపడేవాళ్ళూ ఉన్నారు. నల్ల పొగ అంటే పూర్తిగా కాలని డీజిల్. గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ వెళ్తోంది. ముందు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ (ఇంజనుకు వెళ్ళే గాలిలోని దుమ్మును నూనెతో పట్టే డబ్బా) మూత తీయండి. నూనె గీత దాకా ఉందా, అడుగున బురద పేరుకుందా చూడండి. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం, అప్పుడు పిస్టన్ రింగుల వైపు చూడాలి.

ఇంకో మాట. పాత గేర్‌బాక్సులో ఇత్తడి, కంచు భాగాలుంటే జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోయకండి. అందులోని సల్ఫర్ వాటిని తినేస్తుంది. జీఎల్-4 వాడండి.

అపోహ: రింగు టైరుకు ఎప్పటి నుంచో ఇలాగే గాలి కొడుతున్నాం, ఏమీ కాలేదు.

వాస్తవం: ఈ ఒక్కటి మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. 9.00-20 సైజు లారీ టైరుకు ట్యూబు, ఫ్లాప్ (ట్యూబుకు, రిమ్ముకు మధ్య రబ్బరు పట్టీ) ఉంటాయి. టైరును పట్టి ఉంచేది పక్కనున్న లాక్ రింగు. తుప్పు పట్టి గాడిలో సరిగ్గా కూర్చోకుండా ఉన్న రింగు, గాలి ఎక్కుతుండగా ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషి బతకడు. చక్రం విప్పేముందే వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయాలి. వెనక జోడు చక్రాలైతే నట్లు వదులు చేయకముందే రెండింటి గాలీ తీయాలి. ఒక రిమ్ము రింగు ఇంకో రిమ్ముకు వాడకూడదు. గాలి కొట్టేటప్పుడు చక్రం ఇనుప బోనులో ఉండాలి. పైపు పొడుగ్గా ఉండాలి, మనిషి పక్కకు నిలబడాలి. గాలి ఉండగా రింగు మీద సుత్తి దెబ్బ వేయకూడదు. టైరు ఎక్కి ఉన్న రిమ్ముకు వెల్డింగు అసలే వద్దు.

అలాగే టిప్పర్ తొట్టి, లోడర్ బకెట్ ఎత్తిపెట్టి కిందికి దూరే ముందు గట్టి ఇనుప సపోర్టు పెట్టండి. పాత హైడ్రాలిక్ సీలు ఏ క్షణాన పోతుందో చెప్పలేం. పాత బ్రేకు లైనింగుల్లో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ బ్రేకు డ్రమ్ములను కంప్రెసర్ గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

అపోహ: పాత రోలర్ తొక్కినట్టు ఇప్పటివి తొక్కవు.

వాస్తవం: 8-10 టన్నుల మూడు చక్రాల రోలర్ బరువుతో మాత్రమే తొక్కుతుంది. కంకర రాళ్ళను ఒకదానితో ఒకటి బిగించడంలో దానికి మంచి పేరుంది, ఆ పేరు న్యాయమైనదే. మందమైన మట్టి పొరను లోపలి దాకా గట్టిపరచాలంటే మాత్రం అంతే బరువున్న వైబ్రేటరీ (అదురుతూ తొక్కే) రోలర్ ముందు అది నిలవదు.

అపోహ: 15 ఏళ్ళు దాటితే తుక్కే. లేదంటే వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు.

వాస్తవం: రెండూ తప్పే. 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయనిది ప్రభుత్వ బండ్లకు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు లారీకి 8 ఏళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ కావాలి. మన దగ్గర పాసైనంత కాలం నడుస్తుంది. ఇక 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన 50 ఏళ్ళు దాటిన టూవీలర్లకు, కార్లకు మాత్రమే. లారీలకు అందులో చోటు లేదు. బస్సులకూ లేదు. ఇది మారాలని నా గట్టి కోరిక. ఈ దేశపు డ్యాములకు, రోడ్లకు సామాను మోసిన బండికి కారుకున్న గౌరవం కూడా లేకపోతే ఎలా? అప్పటిదాకా ఫిట్‌నెస్ లేని లారీని రోడ్డెక్కించకండి, లోబెడ్ ట్రైలర్ మీద తరలించండి.

అపోహ: పార్టులు దొరకవు.

వాస్తవం: బండిని బట్టి ఉంటుంది. టాటా 697 ఇంజను దశాబ్దాలపాటు తయారైంది కాబట్టి లైనర్లు, పిస్టన్లు, బేరింగులు రాణిగంజ్‌లో అడిగితే ఇప్పటికీ దొరుకుతాయి. దొరకని బుష్, పిన్ను, షాఫ్టు బాలానగర్ లేత్ షాపుల్లో నమూనా ఇస్తే చేసిస్తారు. ఫార్గో, బెడ్‌ఫోర్డ్ లారీలకు మాత్రం కష్టం. వాటిలో బ్లాకు, హెడ్డు పగలకుండా ఉన్న బండినే కొనండి, మిగతావి తయారు చేయించుకోవచ్చు. వీలైతే అదే మోడల్ నడవని బండి ఇంకొకటి పార్టుల కోసం తెచ్చి పెట్టుకోండి.