కూలెంట్ పైపు మార్చడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పైకి పగుళ్లు లేకపోతే పైపు బాగున్నట్టే.

మా మెకానిక్ పనిలో, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) పారే రబ్బరు పైపుల గురించి ఎక్కువగా వినిపించే మాట ఇదే. బండిని నడిరోడ్డు మీద ఆపేసేదీ ఇదే. రబ్బరు పైపు చాలాసార్లు లోపలి నుంచి చెడుతుంది. ఇంజిన్ లోహం, కూలెంట్, పైపు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. ఆ చర్యకు లోపలి గోడలో సన్నని చీలికలు పడతాయి, వాటిలోంచి కూలెంట్ రబ్బరు మధ్యలో బలానికి ఉండే దారాల పొర దాకా వెళ్లి దాన్ని చివికిపోయేలా చేస్తుంది. పైన మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది.

అందుకే చూసి వదిలేయకండి, నొక్కి చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక క్లిప్పుకు రెండంగుళాల లోపు బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా నొక్కండి. తర్వాత పైపు మధ్యలో నొక్కండి. చివర మెత్తగా అనిపించినా, లోపల గాడి వేలికి తగిలినా మార్చేయాల్సిందే. ఆయిల్ పడి ఉబ్బిన పైపైతే ముందు ఆయిల్ లీకు ఆపాలి, లేకుంటే కొత్తదానికీ అదే గతి.

అపోహ: క్లిప్పు ఎంత బిగిస్తే అంత మంచిది.

అతిగా బిగిస్తే క్లిప్పు రబ్బరును కోసేస్తుంది, పైపు ఎక్కే ప్లాస్టిక్ రేడియేటర్ మూతి పగిలినా పగులుతుంది. కంపెనీ స్ప్రింగ్ క్లిప్పును చాలామంది అనవసరంగా తీసి పారేస్తారు. వేడికి, చలికి రబ్బరు మారినా అది తనే సర్దుకుంటుంది. పట్టు తగ్గనంత వరకు నేను దాన్నే తిరిగి వేస్తాను. ఏ క్లిప్పయినా మూతి చివరి గట్టు దాటాక కూర్చోవాలి, గట్టు మీద కాదు.

పాత పైపు అతుక్కుపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి. పైపును పొడవునా కోసి ఒలిచేయండి, కత్తి మూతికి తగలనివ్వకండి. అక్కడ గీత పడితే కొత్త పైపు వేసినా కారుతుంది. ఎక్కించేటప్పుడు గ్రీజు వద్దు, కాస్త కూలెంట్ తడి చాలు.

అపోహ: కూలెంట్ తగ్గినంత నీళ్లు పోస్తే సరి.

కుళాయి నీళ్లలోని లవణాలు లోపల పేరుకుంటాయి, తుప్పు పట్టకుండా కాపాడే మందు పలచబడుతుంది. మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. రంగు ఒకటైతే రకం ఒకటే అనుకోవద్దు.

అపోహ: పైపు బిగించి నింపేస్తే పని అయిపోయినట్టే.

లోపల గాలి చిక్కితే ఇంజిన్ హీటెక్కుతుంది. వేడిని కొలిచే సెన్సర్ చుట్టూ కూలెంట్ లేకపోతే మీటరు సరిగ్గా చూపించకపోవచ్చు కూడా. గాలి బయటికి వదిలే స్క్రూ (ఎయిర్ స్క్రూ) ఉంటే దాన్ని వదులు చేసి గాలి వదిలేయండి. హీటర్ ఫుల్‌లో పెట్టి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుని ఫ్యాన్ తిరిగే దాకా ఇంజిన్ నడపండి. చల్లారాక లెవెల్ మళ్లీ చూసుకోండి.

ఇంజిన్ ఆపాం కదా అని వేడి మీద రేడియేటర్ మూత తీయడం మాత్రం వద్దే వద్దు. బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ ఒత్తిడి కింద నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. చాలా బళ్లలో ఇంజిన్ ఆగాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, చేతులు జాగ్రత్త.

తీసేసిన కూలెంట్‌ను నేల మీద పారబోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి. మూత ఉన్న డబ్బాలో పోసి పిల్లలకు అందకుండా పెట్టండి.