పాత లారీ హౌసింగ్‌లో సింథటిక్ ఆయిల్: ఈ భయాలు ఎక్కడ పుట్టాయి?

చీమకుర్తి గ్రానైట్ మోసే బండ్లు కృష్ణపట్నం, చెన్నై రేవులకు తిరుగుతున్నంత కాలం దారిపొడవునా షెడ్లకు క్రౌన్ పినియన్ (వెనక చక్రాలను తిప్పే పెద్ద గేరు, దాన్ని నడిపే చిన్న గేరు) పని తప్పదు. పదిహేను, ఇరవై ఏళ్ల లారీ హౌసింగ్‌లో, అంటే ఆ గేర్లుండే వెనక యాక్సిల్ పెట్టెలో, సింథటిక్ గేర్ ఆయిల్ పోయొచ్చా అని అడిగితే ఈ షెడ్లలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఇత్తడిని తినేస్తుందని ఒకరు, నీళ్లలా పల్చగా ఉందని ఇంకొకరు, ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీళ్లు కారతాయని మరొకరు. యజమానికి టెన్షన్. ఈ మాటలేవీ ఊరికే పుట్టలేదు. కాకపోతే ఒక్కోదాని వెనక ఒక్కో కాలం ఉంది.

1920ల్లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లు హైపాయిడ్ గేర్లతో వచ్చాయి. అంతకుముందు పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్యగీతకు ఎదురుగా కూర్చునేది. హైపాయిడ్‌లో దాన్ని ఆ గీత నుంచి కిందికి జరిపారు. దాంతో పినియన్ లావుగా, బలంగా చేయడం కుదిరింది. అయితే పళ్లు దొర్లడంతో పాటు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ జారడం మొదలైంది. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గంధకం కలిపారు. పన్ను బాగా వేడెక్కిన చోట గంధకం ఇనుముతో కలిసి పల్చటి పొర కడుతుంది. అరిగేది ఆ పొర, పన్ను కాదు. తొలినాళ్లలో సీసం సబ్బులు, గంధకం పట్టించిన తిమింగలం నూనె కూడా వాడారు. 1970ల మొదట్లో అమెరికాలో తిమింగలం నూనెకు అడ్డుకట్ట పడ్డాక గంధకం, భాస్వరం కలిసిన మందులే నిలిచాయి. ప్లగ్గు విప్పగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన వాటిదే. మన రోడ్ల మీది టాటా ఆర్‌ఏ-109 యాక్సిల్‌లో ఉన్నదీ హైపాయిడే.

వేడిలో గంధకం రాగిని తింటుంది, ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే. గేర్ ఆయిల్ డబ్బాల మీద జీఎల్-4, జీఎల్-5 అని రకం రాసుంటుంది. జీఎల్-5 ఆయిల్‌లో ఈ మందు జీఎల్-4 కంటే ఎక్కువ. ఇత్తడి సింక్రో రింగులు (గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపేవి) ఉన్న గేర్‌బాక్స్‌లో జీఎల్-5 వద్దని మేస్త్రీలు చెప్పడంలో న్యాయం ఉంది. హౌసింగ్ సంగతి వేరు. కొన్ని బండ్లలో స్టార్ పినియన్ల (మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే చిన్న గేర్లు) వెనక ఉండే రాగి కలిసిన వాషర్లు తప్పితే అక్కడ ఉన్నదంతా దాదాపు ఉక్కే. హైపాయిడ్‌కు జీఎల్-5 కావాలి. పైగా ఈ గంధకం సింథటిక్‌తో కొత్తగా వచ్చింది కాదు, జీఎల్-5 అని రాసున్న మామూలు 90 ఆయిల్‌లోనూ ఉంది.

పల్చదనం మాటే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. డబ్బా మీద 75డబ్ల్యూ-90 అని ఉంటే, ఆ 75డబ్ల్యూ మైనస్ 40 డిగ్రీల చలిలో చేసే పరీక్షకు సంబంధించింది. 85డబ్ల్యూకి అది మైనస్ 12. సంక్రాంతి రోజుల్లోనూ అంత చలి ఎరగని నెల్లూరులో ఆ మొదటి సంఖ్యతో పనేముంది? చూడాల్సింది రెండోది. 100 డిగ్రీల వేడిలో 140 ఆయిల్ చిక్కదనం 24 సెంటీస్టోక్స్‌కి తగ్గకూడదు, 90 ఆయిల్‌కి 13.5 ఉంటే చాలు. తేడా చిన్నది కాదు. రోహిణి కార్తె ఎండలో, నిండు లోడుతో, గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కే బండికి కంపెనీ పుస్తకం 140 అడిగితే 140 ఉండాల్సిందే. అక్కడ 75డబ్ల్యూ-90 పోస్తే, అదెంత ఖరీదైన సింథటిక్ అయినా, పళ్ల మధ్య పొర పల్చబడుతుంది. పుస్తకం చెప్పిన గ్రేడ్‌లోనే సింథటిక్ దొరికితే మాత్రం అది మినరల్ (మామూలు పెట్రోలియం) ఆయిల్ కంటే వేడిని బాగా తట్టుకుంటుంది, నిదానంగా పాడవుతుంది.

టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టాక దశాబ్దాల పాటు ఇక్కడ హౌసింగ్ ఆయిల్ అంటే 90, లేదంటే 140, అంతే. అమెరికా హైవే ట్రక్కుల్లో సింథటిక్ ఆయిల్‌ను 5 లక్షల మైళ్ల దాకా మార్చక్కర్లేదన్న లెక్క దానికి పేరు తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చి, వాటికి తగ్గ కొత్త బండ్లు రోడ్డెక్కాయి. ఒకే యజమాని దగ్గర కొత్త బండీ పాత బండీ ఉన్నప్పుడు ఒకే డబ్బా రెండింటికీ పోయాలనిపిస్తుంది. అయితే ఆ 5 లక్షల మైళ్లు నున్నటి రోడ్ల లెక్క. క్వారీ గుంతల్లో దిగే బండికి బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీళ్లు, రాతిపొడి చేరితే సింథటిక్ అయినా మార్చి తీరాలి. అలాంటి పాత బండికి వేళకు మార్చే మినరల్ ఆయిలే మేలని నా గట్టి నమ్మకం. హైవే మీదే తిరిగే బండి అయితే సింథటిక్ డబ్బులు తిరిగి రావచ్చు.

సీళ్ల భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. సింథటిక్‌లో ఎక్కువగా వాడే పీఏఓ రకం నూనె పాత రబ్బరును కాస్త ముడుచుకునేలా చేస్తుంది. 1970ల నాటి తొలి సింథటిక్ ఆయిళ్లకు కారతాయన్న పేరు అలాగే వచ్చింది. తర్వాత ఎస్టర్లు కలిపి దాన్ని సరిచేశారు. ఇవాళ కారితే ఎక్కువగా కారణం వేరే. సీలు అంచున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కొత్త ఆయిల్ కడిగేస్తుంది, దాని కింద ఎండి పగిలిన రబ్బరు బయటపడుతుంది. పినియన్ సీలు కారితే ఆయిల్ నేల మీద పడి కనిపిస్తుంది. చక్రం దగ్గరుండే హబ్ సీలు కారితే ఆయిల్ బ్రేక్ డ్రమ్ములోకి చేరి లైనర్లను తడుపుతుంది, ఆ చక్రానికి బ్రేకు పట్టదు. అందుకే పాత బండికి సింథటిక్ పోయాలనుకుంటే ముందు హబ్ సీళ్లు, పినియన్ సీలు కొత్తవి వేయించి, బ్రీదర్ శుభ్రం చేయించాలి. ఆ తర్వాత కొన్ని ట్రిప్పుల దాకా దిగినప్పుడల్లా వెనక చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడాలి. ఉంటే లోడు ఎత్తకముందే డ్రమ్ము విప్పించాలి.