భక్తి ఆసరా అయ్యేదెప్పుడు, బరువయ్యేదెప్పుడు?

క్యాన్సర్ అని తేలాక ‘నాకే ఎందుకు?’ అనుకోనివాళ్లు తక్కువ. దానికి మనసు చెప్పుకునే జవాబును బట్టి భక్తి కొందరికి ఆసరా అవుతుంది, కొందరికి గుండెల మీద బండ అవుతుంది.

ఈ తేడాను పట్టుకోవడానికే మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం 14 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేసింది. ఏడు దేవుడి తోడు వెతుక్కోవడం గురించి. మిగతా ఏడు దేవుడితో పేచీ గురించి: నన్ను వదిలేశాడా, శిక్షిస్తున్నాడా, అసలు నా మీద ప్రేమ ఉందా అని. ఒక్కో వాక్యానికి 0 నుంచి 3 మార్కులు. రెండు భాగాలనూ కలిపి కూడరు. పొద్దున ప్రార్థనతో కుదుటపడ్డ మనిషే రాత్రి నిద్రపట్టక ‘ఏ పాపం చేశానో’ అని పాత లెక్కలు తిరగేయవచ్చు. ఈ పేచీ మార్కులు చాలామందిలో తక్కువే. పెరిగినవారిలో మాత్రం దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి.

2015లో, 44 వేలమందికి పైగా క్యాన్సర్ రోగుల వివరాలున్న అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. మనోనిబ్బరంతో గట్టిగా ముడిపడింది ప్రశాంతత, బతుక్కి అర్థం ఉందన్న భావన. ఎన్నిసార్లు ప్రార్థించారన్న లెక్కకు దాంతో పెద్దగా సంబంధం కనిపించలేదు. ఇందులో ఓ మెలిక ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో తరచూ వాడే 12 ప్రశ్నల కొలమానంలో 8 ప్రశ్నలు ప్రశాంతత, అర్థం గురించినవే. విశ్వాసం గురించినవి నాలుగే. ప్రశాంతతను విశ్వాసం ఖాతాలో రాసి, దాన్నే మళ్లీ మానసిక ఆరోగ్యంతో పోలిస్తే సంబంధం కనిపించక ఏమవుతుంది?

రోగి ‘ఇది నా పాపఫలం’ అన్నప్పుడు ‘ఛ, అలా అనకండి’ అంటూ నోరు మూయించడం మనందరి అలవాటు. దాంతో మాట ఆగుతుంది, ఆలోచన ఆగదు. ‘అలా ఎందుకనిపిస్తోంది?’ అని అడిగి, చెప్పేదాకా ఊరుకోవడమే మేలు. ‘నమ్మకం ఉంటే తగ్గిపోతుంది’ అన్న ఓదార్పు ఇంకా ప్రమాదం: కణితి పెరిగినట్టు స్కాన్‌లో కనబడిన రోజు, తన నమ్మకమే చాలలేదని రోగి తనను తానే నిందించుకుంటాడు.

ఉపవాసాలు, గుంపుగా చేసే ప్రార్థనల గురించి డాక్టరుకు ముందే చెప్పాలి. కీమో ఇచ్చిన ఒకటి రెండు వారాల్లో, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోవచ్చు. అప్పుడు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రార్థన ముగిసేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.