ఎద్దు నోటికి తీరిక లేదు

ఆదోని దగ్గర ఒక పల్లెలో బండలాగుడు పోటీలు చూస్తుంటే, ఆరో తరగతి కుర్రాడొకడు అడిగాడు: "సార్, ఇంత బలమున్న ఎద్దును గుర్రంలా ఎందుకు ఎక్కరు?" పక్కనున్న పెద్దాయన "తప్పు నాయనా, బసవన్న!" అని వాడిచేత లెంపలు వేయించాడు. ప్రశ్న అక్కడితో ఆగిపోవడం నాకు నచ్చలేదు. శివుడు ఎక్కింది ఆ బసవన్ననే కదా! యముడి వాహనమైన దున్న మీద మన పిల్లలు చెరువు దాకా వెళ్లి వస్తూనే ఉంటారు. భక్తికి అడ్డు రాకుండానే జవాబు వెతకవచ్చు.

అసలు ఎక్కేవాళ్లు ఉన్నారు. సూడాన్‌లో బగ్గారా పశుపాలకులు ఎద్దులెక్కి వలస పోతారు. బ్రెజిల్‌లోని మరజో దీవిలో పోలీసులు గేదెలెక్కి గస్తీ తిరుగుతారు. 1853-54లో ఆఫ్రికా మధ్య నుంచి అట్లాంటిక్ తీరంలోని లువాండా దాకా సాగిన ప్రయాణంలో స్కాట్లండ్ అన్వేషకుడు లివింగ్‌స్టన్ సింబాద్ అనే ఎద్దు మీద కూర్చున్నాడు. దాని వీపు మెత్తన, బుద్ధి మాత్రం మొండి. కొమ్ములు కిందికి వేలాడేవి కాబట్టి పొడుస్తుందన్న భయం లేదు.

మరి తేడా ఎక్కడుంది? బలంలో కాదు, ఒక పెద్ద తేడా గొంతులో ఉంది.

గుర్రం మింగినది ఇక వెనక్కి రాదు. జీర్ణాశయం ముఖద్వారంలోని కండరం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది కాబట్టి అది వాంతి కూడా చేసుకోలేదు. ఎద్దు గొంతులో రాకపోకలు రెండూ ఉన్నాయి. నెమరు మొదలయ్యే క్షణాన ఎద్దు శ్వాసనాళపు ముఖద్వారం మూసి శ్వాస లోపలికి లాగబోతుంది. గాలికి దారి లేక ఛాతీలో పీడనం పడిపోతుంది. ఆ లాగుడుకు నాలుగు గదుల పొట్టలోని ముందు గదుల నుంచి గడ్డి అన్నవాహికలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి అన్నవాహిక కండరాలు మింగేటప్పటికి ఎదురు దిశలో అలలా కదిలి ఆ ముద్దను నోటికి చేరుస్తాయి. నీరు పిండి మింగేసి, మిగిలిన పీచును దవడలు అడ్డంగా రుబ్బుతాయి. పెద్ద పశువుకు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది. అందులోని బైకార్బనేటు అనే వంటసోడా లాంటి లవణం పొట్టలో పుట్టే ఆమ్లాన్ని అదుపులో ఉంచుతుంది. నమలడం తగ్గితే లాలాజలం తగ్గుతుంది, ఆమ్లం పెరుగుతుంది, గడ్డిని పులియబెట్టి ఆహారంగా మార్చే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి.

ఇప్పుడు ఆ నోట్లో ఇనుప కళ్లెం పెడితే ఏమవుతుందో ఊహించండి. గుర్రానికి ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంది, కళ్లెం అక్కడ కుదురుతుంది. ఖాళీ ఎద్దుకూ ఉంది కానీ తీరికే లేదు. మేతకు ఎన్ని గంటలు పడుతుందో నెమరుకూ దాదాపు అన్ని గంటలు కావాలి. మన రైతు పగ్గాన్ని నోటి జోలికి పోనివ్వలేదు. రెండు ముక్కుపుటాల మధ్య ఉన్న మెత్తని, సున్నితమైన పొరలోంచి ముకుతాడు దూర్చాడు. అక్కడ వేలంత లాగుడు చాలు, తల తిరుగుతుంది. దవడ పని దవడది. శరీరశాస్త్రం బడిలో చదవని మనిషి చేసిన ఈ పని చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది. బడిలో జీర్ణవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు నాలుగు గదుల బొమ్మ గీయించే బదులు ఒక ముకుతాడు చేతికిస్తే పిల్లలు ఎన్నటికీ మరిచిపోరు.

అనంతపురం వంటి కరువు నేలలో వేరుశనగ కట్టె, జొన్నచొప్ప తిని ఎద్దు బతికేస్తుంది. ఆ ఎండు మేత నుంచి గుర్రం అంత సారం పిండుకోలేదు. అందుకు ఎద్దు చెల్లించే ధర సమయం. మధ్యాహ్నం దాన్ని విప్పి పడుకోనివ్వాలి. సవారీ నేర్పడం అంత కష్టం కాదు. మచ్చిక దూడప్పుడే మొదలుపెట్టాలి. కోడె అయ్యాక వీపు మీద ముందు ఖాళీ గోనె, తరువాత కొద్దికొద్దిగా బరువు. దాపట (ఎడమ), వలపట (కుడి) తేడా తెలిసే జీవికి మాట అర్థమవుతుంది. కూర్చోవలసింది మూపురం వెనుక. చర్మం వదులు కాబట్టి జీను జారుతుంది, అది చూసుకోవాలి.

పోటీ అయ్యాక వేపచెట్టు కింద పడుకున్న ఒక ఎద్దు దగ్గరికి ఆ కుర్రాణ్ణి తీసుకువెళ్లాను. మెడకు ఎడమవైపు చూడమన్నాను. దవడ 52 సార్లు ఆడింది, ఆగింది. ఒక ఉండ చర్మం కింద జారిపోయింది. నాలుగైదు సెకన్ల తరువాత ఇంకొకటి కింది నుంచి పైకి పాకింది. వాడు దాని వెంటే గాలిలో వేలు జరుపుతూ, "మళ్లీ వచ్చింది సార్!" అని అరిచాడు.