తడి తగలని చిలుము

రాగి చెంబుకు చిలుము పట్టాలంటే తడి కావాలి. కడిగి తుడిచి అటక మీద పెట్టిన చెంబు ఏళ్లు గడిస్తే నల్లబడుతుందేమో కానీ పచ్చబడదు. అదే తీర్థం కాస్త మిగిలిపోయిన పంచపాత్ర అడుగున చూడండి, నాలుగు రోజులకే ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది. ఇక చింతపండు వెతుక్కోవాల్సిందే. భూమిలో ఉన్న రాగి సంగతీ ఇంచుమించు ఇంతే. ముడి ఖనిజం దాకా వాననీరు ఇంకి, గాలి సోకి, కాలం గడిస్తే మాలకైట్ లాంటి పచ్చరాళ్లు పుడతాయి. వాటి కూర్పు విప్పి చూస్తే అందులో నీటి ముక్క ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఉంటుంది.

నీటి ముక్క లేకుండా పచ్చబడ్డ రాగి ఒకటుంది. అది దొరికేది రష్యా తూర్పు కొసన, కమ్చత్కా ద్వీపకల్పంలోని టోల్బాచిక్ అగ్నిపర్వతం మీద. పేరు ఎరిక్‌లాక్స్‌మనైట్. పలకడానికి కాస్త కష్టమే. పేరు ఇంత పొడుగున్నా స్ఫటికం మాత్రం మిల్లీమీటరులో పదో వంతు మించదు, అంటే మన తల వెంట్రుక మందం. దానికో జోడీ ఉంది, కొజిరెవ్‌స్కైట్. అది కాస్త పెద్దది, 0.3 మిల్లీమీటర్లు. వంటింటి సన్న ఉప్పు రవ్వంత.

1975 జూన్ చివర్లో టోల్బాచిక్ చుట్టుపక్కల భూమి గుంపులు గుంపులుగా కంపించడం మొదలైంది. ఆ కంపనాలను లెక్కగట్టిన పావెల్ టోకరెవ్ అనే శాస్త్రవేత్త అగ్నిపర్వతం పేలబోతోందని ముందే చెప్పాడు. చెప్పినట్టే జులై 6న నేల చీలింది. చీలిన చోటల్లా లావా చిమ్మి, నల్లటి బుడగరాళ్లు కుప్పపడి, ఉన్నట్టుండి కొత్త కొండలు లేచాయి. 1976 డిసెంబరు 10 దాకా సాగిన ఆ విస్ఫోటనంలో ఉత్తరపు చీలిక మీద లేచిన రెండో కొండ ఎత్తు దాదాపు 300 మీటర్లు. లావా ఆగిపోయింది కానీ ఆ కొండ లోపలి వేడి ఆరలేదు. పగుళ్లలోంచి వేడి ఆవిర్లు వస్తూనే ఉన్నాయి. ఇలాంటి ఆవిరి పగుళ్లను ఫ్యూమరోల్స్ అంటారు. ఆ కొండ మీది ఒక పగులుకు పరిశోధకులు పెట్టుకున్న పేరు 'యదవీతయ', రష్యన్‌లో విషపూరితమైనది అని అర్థం. ఎవరో దగ్గుతూ పెట్టిన పేరై ఉంటుంది.

మాస్కో విశ్వవిద్యాలయానికి చెందిన ఇగోర్ పెకోవ్ బృందం 2012 జులైలో అదే కొండ మీద మరో పగులు కనిపెట్టింది. అందులో ఎటు చూసినా ఆర్సెనిక్ ఖనిజాలే కనిపించడంతో దానికి 'అర్సెనాత్నయ' అని పేరు పెట్టారు. విస్ఫోటనం ఆగి 35 ఏళ్లు దాటినా, రాళ్లు తవ్వి తీసిన వెంటనే లోపల కొలిస్తే 360 నుంచి 380 డిగ్రీల సెల్సియస్ ఉంది. సీసం 327 దగ్గరే కరిగిపోతుంది. మన ఖనిజాలు పుట్టింది ఇంతకంటే ఎక్కువ వేడిలోనే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. రాగి కరగాలంటేనే 1,085 డిగ్రీలు కావాలి. అలాంటి లోహం ఆవిరితో కలిసి పగుళ్లలోకి ఎలా ఎగిరొచ్చింది? ఒంటరిగా రాలేదు, క్లోరిన్ భుజమెక్కి వచ్చింది. రాగి క్లోరిన్‌తో కలిస్తే చాలా తక్కువ వేడికే ఆవిరవుతుంది. దీపావళి టపాసుల్లో నీలిరంగు మంట మీరు చూసే ఉంటారు. ఆ నీలం క్షణకాలం ఆవిరైన రాగి క్లోరైడుదే. కొండ లోపల జరిగేది అదే పని, కాకపోతే మోత లేకుండా, ఏళ్ల తరబడి. ఆర్సెనిక్‌కు ఎగరడం పుట్టుకతో వచ్చిన విద్య. మామూలు గాలి పీడనంలో వేడి చేస్తే అది కరగను కూడా కరగదు, ఘనం నుంచి నేరుగా ఆవిరవుతుంది.

ఇలా వచ్చిన ఆవిర్లకు పగుళ్లలో బయటి గాలి ఎదురవుతుంది. టోల్బాచిక్ ప్రత్యేకత ఇదే. బుడగరాళ్ల కొండ కాబట్టి జల్లెడలా ఉంటుంది, గాలి లోపలిదాకా చొరబడుతుంది. ఆక్సిజన్ దొరకగానే రాగి క్లోరిన్‌ను వదిలేసి దాన్ని పట్టుకుంటుంది. ఆర్సెనిక్ నాలుగు ఆక్సిజన్లను చుట్టూ చేర్చుకుని ఆర్సెనేట్ అవుతుంది. రెండూ కలిసి పగులు గోడ మీద స్ఫటికాలుగా పేరుకుంటాయి. గాలి ఇంతగా చొరబడని చోట కథ వేరుగా ఉంటుంది. కురిల్ దీవుల్లో కుద్ర్యావీ అనే అగ్నిపర్వతం పగుళ్లలో లోహాలు గంధకాన్ని పట్టుకుని సల్ఫైడ్లయ్యాయి, అక్కడే రీనియం అనే అరుదైన లోహపు సల్ఫైడు కూడా ఖనిజంగా దొరికింది. అదో పెద్ద ముచ్చట, ఇప్పుడు వద్దు.

ఇప్పుడు ఎరిక్‌లాక్స్‌మనైట్ కూర్పు దగ్గరికి వద్దాం. నాలుగు రాగి, రెండు ఆర్సెనిక్, తొమ్మిది ఆక్సిజన్ పరమాణువులు. బరువులో చూస్తే రాగి వాటా 46 శాతం, ఆర్సెనిక్ 27 శాతం, మిగతాది ఆక్సిజన్. (పాషాణం పాలు ఇంతున్న రాయిని నాలుకతో పరీక్షించకూడదని వేరే చెప్పక్కర్లేదు.) ఒక్కో ఆర్సెనిక్ నాలుగేసి ఆక్సిజన్లను తీసుకుంటే ఎనిమిది అయిపోయాయి. తొమ్మిదోది ఎవరిది? దానికి ఆర్సెనిక్‌తో చుట్టరికమే లేదు. అది పూర్తిగా రాగి మనిషి. నాలుగు రాగి పరమాణువులు నాలుగు మూలల్లో నిలబడితే నడిమధ్యన కూర్చుంటుంది. మామూలుగా ఖనిజాల బొమ్మ గీసేటప్పుడు లోహాన్ని మధ్యలో పెట్టి ఆక్సిజన్లను చుట్టూ పెడతారు. పీటర్స్‌బర్గ్‌కు చెందిన స్టానిస్లావ్ ఫిలాతోవ్, సెర్గెయ్ క్రివోవిచెవ్ ఇలాంటి ఖనిజాలను తిరగేసి చూడమన్నారు. ఆక్సిజన్‌ను మధ్యలో పెట్టి రాగిని చుట్టూ గీస్తే కట్టడం సులువుగా అర్థమవుతుందని వాళ్ల వాదన. నా మటుకు నాకు ఈ తొమ్మిదో ఆక్సిజనే ఈ ఖనిజంలో అసలు పాత్ర అనిపిస్తుంది.

ఎందుకో ఒక చిన్న తీసివేతతో చెబుతాను. ఇంగ్లండు కార్న్‌వాల్ గనుల్లో ఆలివెనైట్ అనే పచ్చటి ఖనిజం దొరికేది. అదీ రాగి ఆర్సెనేటే. నీటిలో, చల్లగా పుట్టినది. దాని కూర్పు రెండు రాగి, ఒక ఆర్సెనేట్, ఒక హైడ్రాక్సిల్ (నీటి అణువులోంచి ఒక హైడ్రోజన్ తీసేస్తే మిగిలే ముక్క). రెండు ఆలివెనైట్లను పక్కపక్కన పెట్టి లెక్కేయండి: నాలుగు రాగి, రెండు ఆర్సెనేట్లు, రెండు హైడ్రాక్సిళ్లు. ఆ రెండు హైడ్రాక్సిళ్లలోంచి ఒక నీటి అణువును పిండేస్తే ఏం మిగులుతుంది? ఒక్క ఆక్సిజన్. మన తొమ్మిదోది. అంటే నీళ్లు పిండేసిన ఆలివెనైటే ఈ ఖనిజం, కాగితం మీద లెక్క ప్రకారం. టోల్బాచిక్‌లో అది అలా పిండగా వచ్చింది కాదు, నీరు నిలవలేని చోట మొదటి నుంచీ నీరు లేకుండానే పుట్టింది.

నీరు పోతే రాగి రంగు ఏమవుతుందో తెలుసుకోవడానికి కమ్చత్కా వెళ్లనక్కర్లేదు, స్కూలు ల్యాబు చాలు. పరీక్షనాళికలో రెండు పలుకుల మైలుతుత్తం, అంటే రాగి సల్ఫేటు, వేసి దీపం మీద అటూ ఇటూ ఆడించండి. మొదట నాళిక మూతి దగ్గర చెమట పడుతుంది. తర్వాత పలుకుల అంచులు తెల్లబారతాయి, నీలం నడిమధ్యకు ముడుచుకుపోతుంది. కాసేపటికి మిగిలేది సున్నం లాంటి తెల్లపొడి. చల్లారాక ఒక్క చుక్క నీరు వేయండి, నీలం మళ్లీ తిరిగొస్తుంది, నాళిక వేళ్లకు వెచ్చగా తగులుతుంది. మైలుతుత్తంలో రాగి చుట్టూ నాలుగు నీటి అణువులు కాపలా కాస్తుంటాయి. మనకు కనిపించే నీలం వాటి పుణ్యమే. అవి పోతే మిగిలిన సల్ఫేటు రాగిని వదులుగా పట్టుకుంటుంది, రాగి మింగే కాంతి మన కంటికి కనపడని పరారుణంలోకి జారిపోతుంది. కంటికి తెలుపే. ఈ తెల్లపొడి కూడా ప్రకృతిలో ఉంది. ఇటలీలోని వెసూవియస్ ఆవిరి పగుళ్లలో దొరికింది, పేరు చాల్కోసయనైట్. బయటి తేమ తగిలితే చాలు, నీలంగా మారిపోతుంది.

మరి మన పచ్చ ఖనిజంలోనూ నీరు లేదుగా, అది తెల్లగా ఎందుకు లేదు? ఆర్సెనేట్ సల్ఫేటు లాంటిది కాదు, రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పైగా ఆ తొమ్మిదో ఆక్సిజన్ ఉండనే ఉంది. రాగి చుట్టూ ఆక్సిజన్లు కొన్నిచోట్ల ఐదు, కొన్నిచోట్ల ఆరు చేరి వంకరటింకర గూళ్లు కడతాయి. ఈ పట్టు వల్ల రాగి మింగే కాంతి ఎరుపు దగ్గరే నిలుస్తుంది, మనకు ఆకుపచ్చ మిగులుతుంది. ఎరిక్‌లాక్స్‌మనైట్ ఆకుపచ్చ నుంచి ముదురు పచ్చ దాకా ఉంటుంది. కొజిరెవ్‌స్కైట్ లేత గడ్డి రంగు, కొన్ని స్ఫటికాలు పసుపు వైపు మొగ్గుతాయి. మన భాషలో దానికి చిలకపచ్చ అని చక్కటి మాటుంది.

రంగులు వేరు, పేర్లు వేరు. కూర్పు మాత్రం ఒకటే! పైన చెప్పిన నాలుగు, రెండు, తొమ్మిది లెక్క రెండింటికీ అక్షరాలా వర్తిస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు. పాలరాయి, ముత్యం రెండూ కాల్షియం కార్బొనేటే. పాలరాయిలో పరమాణువులు కాల్సైట్ పద్ధతిలో పేర్చి ఉంటాయి, ముత్యంలో ఎక్కువగా అరగొనైట్ పద్ధతిలో. పేర్పు మారితే ఖనిజం మారినట్టే, ఖనిజశాస్త్రంలో రూలు అది. స్ఫటికమంతా మళ్లీ మళ్లీ వచ్చే పరమాణువుల పేర్పును ఒక గది అనుకోండి. కొజిరెవ్‌స్కైట్‌లో ఆ గది చక్కగా మూలమట్టంగా, అగ్గిపెట్టెలా ఉంటుంది. ఎరిక్‌లాక్స్‌మనైట్ గదిలో ఏ మూలా లంబకోణం కాదు, పక్కకు నెట్టిన అగ్గిపెట్టె. అయినా సర్దుబాటులో ఇదే మెరుగు. ఘనపు సెంటీమీటరుకు ఎరిక్‌లాక్స్‌మనైట్ 5.036 గ్రాములు తూగుతుంది, కొజిరెవ్‌స్కైట్ 4.934. రెండు శాతం తేడా. తూచి కనిపెట్టినవి కావు ఈ అంకెలు, వెంట్రుకంత స్ఫటికాన్ని ఏ తక్కెడలో వేస్తాం? గది కొలతలు తీసుకుని లెక్కగట్టినవి.

తక్కిన గుణాలు వీటిని విడదీయడానికి అంతగా పనికిరావు. రెండూ పారదర్శకాలే, రెండింటికీ గాజు మెరుపే. గట్టితనం మోస్ కొలబద్ద మీద మూడున్నర, రాగి నాణెంతో గీస్తే గీత పడేదీ పడనిదీ అన్నంత. రెండూ పెళుసు. ఎలక్ట్రాన్ పుంజంతో కూర్పు పరీక్ష చేస్తే రెండింటికీ ఒకే జవాబు వస్తుంది. గుట్టు విప్పగలిగేది ఎక్స్‌కిరణాలే. స్ఫటికంలోంచి అవి చెదిరి పడే చుక్కల వరుస రెండింటిలో వేరువేరుగా ఉంటుంది. రంగు చూసి పేరు చెప్పేవాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా ఇక్కడ బోల్తా పడొచ్చు.

సాధారణంగా ఒకే కూర్పుకు రెండు పేర్పులుంటే, బరువైనది ఒత్తిడిలో పుట్టిందని ఊహిస్తాం. వజ్రం, గ్రాఫైటు కథ అదేగా. ఇక్కడ ఆ ఊహ చెల్లదు. రెండూ ఒకే పగులులో, ఒకే మామూలు పీడనంలో, పక్కపక్కనే దొరికాయి.

ఎరిక్‌లాక్స్‌మనైట్ ఇంకో వింత కూడా చేస్తుంది. అదే పగులులో ఉరుసోవైట్ అనే ఖనిజముంది. రాగి, ఆర్సెనిక్‌లతో పాటు అల్యూమినియం కూడా ఉన్నది. కొన్నిచోట్ల స్ఫటికం ఆకారం చూస్తే ఉరుసోవైటే, లోపల పదార్థమంతా ఎరిక్‌లాక్స్‌మనైట్. అల్యూమినియం వెళ్లిపోయింది, పాత ఒంట్లో కొత్త ఖనిజం చేరింది. దీన్ని శాస్త్రవేత్తలు సూడోమార్ఫ్ అంటారు. మనకు పరకాయప్రవేశం అంటే చప్పున తెలుస్తుంది.

వీటితో ఉపయోగమేమిటని అడిగితే, ఈ రెండింటితో సూటిగా ఏమీ లేదు. కానీ వీటి బంధువర్గం తక్కువదేం కాదు. అదే అర్సెనాత్నయలో దొరికిన కాతియార్సైట్ అంటే పొటాషియం టైటానియం ఆర్సెనేట్. లేజర్ కాంతి రంగు మార్చడానికి ల్యాబుల్లో ఆ స్ఫటికాన్నే ఎప్పటినుంచో పెంచుతున్నారు, కొండలో తర్వాత కనిపించింది. టోల్బాచిక్‌లోనే మొదట దొరికిన అవెరియెవైట్ అనే ఖనిజంలో రాగి పరమాణువుల అయస్కాంత స్వభావం ఎటూ తేల్చుకోలేక తికమక పడుతుంది. భౌతికశాస్త్రజ్ఞులకు ఆ తికమకే కావాలి.

పేర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఎరిక్ లాక్స్‌మన్ (1737–1796) ఫిన్లాండులో పుట్టిన పాస్టరు, సైబీరియాలో రాళ్లు, మొక్కలు వెతుక్కుంటూ బతికినవాడు. ఓడ దారితప్పి రష్యాకు కొట్టుకొచ్చిన దైకొకుయా కోదాయు అనే జపాను నావికుణ్ణి రాణి కేథరిన్ దాకా తీసుకెళ్లి, సొంత దేశానికి చేర్చే ఏర్పాటు చేయించిన మంచివాడు. ఇవాన్ కొజిరెవ్‌స్కీ అందుకు పూర్తిగా వేరు. కమ్చత్కాను, కురిల్ దీవులను తొలిరోజుల్లో చూసొచ్చిన కొసాక్కు (రష్యా సరిహద్దు సైనికుడు), తర్వాత సన్యాసి అయ్యాడు. 1711లో కమ్చత్కాలో కొసాక్కులు తిరగబడి అధిపతి వ్లదీమిర్ అత్లాసోవ్‌ను చంపినప్పుడు ఆ తిరుగుబాటులో ఇతనూ ఉన్నాడు. ఆ అత్లాసోవ్ పేరు మీదా టోల్బాచిక్‌లో ఒక ఖనిజముంది, అత్లాసోవైట్.

ఇదే పగులులో లామరైట్ అని మరో రాగి ఆర్సెనేట్ ఉంది, మూడు రాగి, రెండు ఆర్సెనేట్లు. దానికి ఒక రాగి ఆక్సైడు కలిపితే మన జోడీ కూర్పు వస్తుంది. ఆ రాగి ఆక్సైడు కూడా టెనోరైట్ అనే నల్లటి ఖనిజంగా పక్కనే ఉంటుంది. ఇంకొకటి కలిపితే ఆలివ్ పచ్చ రంగులో పొపోవైట్. రష్యాలోని యూరల్ పర్వతప్రాంతంలో మియాస్ అనే ఊళ్లో పనిచేసిన వ్లదీమిర్ పొపోవ్, వలెంతీనా పొపోవా అనే ఖనిజశాస్త్ర దంపతుల పేరది. 1987లో అత్లాసోవైట్‌ను లోకానికి పరిచయం చేసిన బృందంలో వాళ్లిద్దరూ ఉన్నారు.