కత్తిపీట మీద కలంకారీ నలుపు

"కొత్త ఇనప కత్తిపీట. అరటికాయ తరిగితే నల్లబడిపోయింది, పీచుతో ఎంత తోమినా పోవట్లేదు. నాసిరకం అంటగట్టారా?" అని ఒక పాఠకురాలు అడిగారు. లేదండీ. ఆ నలుపు మురికి కాదు, సిరా!

అరటికాయలో వగరుంది కదా, ఆ వగరు టానిన్లది. కాయ రసం తగలగానే కత్తిలోంచి కొద్దిగా ఇనుము అయాన్లుగా ఊడి వస్తుంది. అప్పటికి అది రెండు ఎలక్ట్రాన్లే పోగొట్టుకుని ఉంటుంది. ఆ స్థితిలో టానిన్‌తో కలిసినా పెద్దగా రంగు రాదు. గాలిలోని ఆక్సిజన్ మూడో ఎలక్ట్రాన్‌ను కూడా లాక్కున్నాకే నలుపు. అందుకే తరుగుతున్నంతసేపూ మెరిసిన కత్తి, కూర పొయ్యెక్కేసరికి నీలినలుపుకు తిరుగుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేదీ ఇలాగే. బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ ఇనప నీళ్లలో ముంచిన కలం బట్టను తాకితే చాలు, కరక్కాయ వగరుతో కలిసి గీత నల్లబడుతుంది. యూరప్‌లో శతాబ్దాలపాటు మాచికాయ, అన్నభేది కలిపి చేసుకున్న సిరా కూడా ఇదే. అన్నభేది అంటే ఐరన్ సల్ఫేటే.

మరి తోమితే ఎందుకు పోదు? లోహం పైన కంటికి కనిపించని గుంటల్లోకి దిగి కూర్చుంది కాబట్టి. దాన్ని విడదీయాలి. ఒక్కో ఇనుము అయాన్ చుట్టూ ఆరు చోట్లుంటాయి. టానిన్‌లో పక్కపక్కనే ఉన్న రెండేసి ఆక్సిజన్లు జతగా వాటిని పట్టుకుంటాయి. చింతపండు గుజ్జు రాస్తే, పులుపులోని ప్రోటాన్లు ఆ ఆక్సిజన్లకు అతుక్కుని పట్టు వదిలిస్తాయి. వదిలిన ఇనుమును టార్టారిక్ ఆమ్లం పట్టుకుని నీళ్లలోకి దింపుతుంది. నిమ్మరసమైతే సిట్రిక్ ఆమ్లం ఆ పని చేస్తుంది. రెండు మూడు నిమిషాలుంచి, పీచుతో రుద్ది, కడిగేయండి. రాత్రంతా వదిలేస్తే మాత్రం ఆ పులుపే కత్తిని తినేస్తుంది. కడిగాక చిటికెడు వంటసోడా రుద్ది, మళ్లీ కడిగి పొడిగా తుడిచి, ఒక చుక్క నూనె. పనసకాయ కోసేముందు పెద్దవాళ్లు కత్తికి నూనె రాసేది జిగురు అంటకుండా. అరటికాయకూ రాయండి.

ఎర్ర తుప్పు వేరు. అది ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి పెచ్చులుగా లేస్తుంది, తడిని పట్టి ఉంచుతుంది. దాన్ని ఉంచకూడదు, ఇటుక పొడితోనైనా సరే గీకేయాల్సిందే. వాడగా వాడగా కత్తంతా సమంగా పరుచుకున్న బూడిదనలుపును మాత్రం నేనైతే ముట్టుకోను. తుప్పును కొంత ఆపేది అదే. కనీసం 10.5 శాతం క్రోమియం ఉండే స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బాధ తక్కువ, కొన్ని నానోమీటర్ల క్రోమియం ఆక్సైడ్ పొర దానికి కాపలా.

కత్తి మీది మరకతో జనాన్ని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. మందార రేకలు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది. దాన్ని నెత్తురని చెప్పి చేతబడి వదిలిస్తామంటారు. మందార రంగుకు పులుపు తగిలితే ఎరుపెక్కుతుంది, అంతే. ఆమ్లాలు, క్షారాల పాఠం చెప్పే టీచర్లు లిట్మస్ కాగితంతో సరిపెట్టకుండా ఈ కత్తినీ క్లాసులోకి తేవాలి. పిల్లలు ఇంటికెళ్లి పెద్దలకు చూపిస్తారు.

ఇంట్లో చేసి చూడాలంటే, పాలు పోయని చిక్కటి టీ డికాషన్‌లో ఒక ఇనప మేకు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నకు నల్ల సిరా. మేకు తీసేసి అర చెక్క నిమ్మకాయ పిండి చూడండి, నలుపు విరుగుతుంది. తాగడానికి మాత్రం కాదు.